ఇల్లు అని వచ్చిన చీటీ

కంబదూరు
14 జూన్ 1959

తమ్ముడు రంజాన్‌కు,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఆ మాట ముందు రాస్తున్నాను, తర్వాత తప్పు నాది అనకుండా.

మీ బావ దగ్గు దూది ధూళి వల్లేనని మూడేళ్లుగా అనుకుంటూ వచ్చాం. దూదేకేవాడు దగ్గకపోతే ఇంకెవరు దగ్గుతారని ఆయనే నవ్వేవాడు. పోయిన నెల పెళ్లివారి పరుపుకు దూది ఏకుతూ ఆగకుండా దగ్గాడు. తెల్లటి దూది మీద నెత్తురు పడింది. నేను చూడలేదనుకుని ఆ దూదిని ముద్ద చేసి జేబులో దాచుకున్నాడు. ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. మీ మద్రాసు పరిశోధన కేంద్రం వాళ్లు అనంతపురంలో క్షయకు కొత్త మందులతో వైద్యం మొదలుపెట్టారనీ, వెంటనే తీసుకుపొమ్మనీ రాశావు.

తీసుకుపోయాం. మన వీధి బయ్యన్న కూడా మాతో వచ్చాడు. అతనికీ చాన్నాళ్లుగా దగ్గు, సాయంత్రాలు జ్వరం. ఇద్దరికీ ఎదురు రొమ్ముకు ఎక్స్‌రే తీశారు, కఫం సీసాల్లో పట్టారు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. దివాకర్ అని చిన్న వయసు డాక్టరు, మన పక్క మనిషే. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. "కరీం సాబ్, నీకు క్షయ ఉండాది. భయపడొద్దు. మందు ఉండాది, ఏడాది తినాల" అన్నాడు.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత బల్ల సొరుగులోంచి అంటించిన కవరు తీసి మా కళ్ల ముందే చించాడు. లోపల చీటీ. దాని మీద 'ఇల్లు' అని ఉంది. మీ బావ ఇంట్లోనే ఉండి మందు తినాలట. బయ్యన్నకు చించిన కవరులో 'ఆసుపత్రి' అని వచ్చింది. అతనికి ఏడాదిపాటు మంచం, పాలు, గుడ్లు, నర్సులు.

"సామీ, మాది ఆయనకిచ్చి ఆయనది మాకియ్యండి. ఆయన గట్టిగా ఉండాడు, మా ఆయన సగమైపోయినాడు" అన్నాను. "అట్ల మార్చేదానికి లేదమ్మా" అన్నాడు.

ఇంటికి తీసుకుపొండి అని డాక్టర్లు ఎప్పుడంటారో నాకు తెలీదా రంజాన్? మన నాయనకు అట్లే అన్నారు. తొమ్మిది రోజులున్నాడు. నువ్వు ఆ డాక్టర్ల దగ్గరే పనిచేస్తున్నావు. ఒక్క మాట చెప్పి మీ బావను ఆసుపత్రిలో వేయించు. ఇంట్లో ఖాతూన్ ఉంది. ఏడేళ్ల పిల్ల, నాయన రొమ్ము మీద తప్ప నిద్రపోదు. ఆ దగ్గు దానికి అంటితే నేనేం చేయాలి?

ఇక్కడ వాన లేదు. విత్తనపు శనక్కాయలు ఒలిచి పెట్టుకుని అందరూ ఆకాశం చూస్తున్నారు.

నీ జవాబు కోసం చూసే అక్క,
ఫాతిమాబీ


మద్రాసు
22 జూన్ 1959

అక్కకు రంజాన్ సలాములు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను సిఫారసు చేయలేను. చేయగలిగినా చేయను. కోపగించుకునే ముందు ఇది పూర్తిగా చదువు.

క్షయ ఉన్నవాడు ఊరికి దూరంగా ఆసుపత్రిలో మంచం మీద ఏడాది పడుకోవాలని, మంచి తిండి తినాలని పెద్ద పెద్ద దేశాల్లో కూడా నమ్ముతున్నారు. మన దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు. మంచాలు వేలల్లో కూడా లేవు. మంచం దొరకనివాళ్లు చచ్చిపోవాల్సిందేనా? ఇప్పుడు కొత్త మందులు వచ్చాయి. ఇంతకూ మనిషిని బాగుచేస్తున్నది మంచమా, మందా? ఆ సంగతి ఎవరికీ తెలీదు అక్కా. మా పెద్ద డాక్టరుకు కూడా తెలీదు.

నేను చేరిన రోజు ఆయన మమ్మల్నందరినీ, సీసాలు కడిగేవాళ్లతో సహా, ఒకచోట కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాడు. "నాకు తెలియదు. తెలుసుకోవడానికే వచ్చాం" అన్నాడు. అంత చదువుకున్న మనిషి, తల నెరిసిన మనిషి, అందరి ముందూ తెలియదు అంటే నాకు ఒళ్లు జలదరించింది. మన నాయనను ఇంటికి పంపిన డాక్టరు అన్నీ తెలిసినట్టే మాట్లాడాడు, గుర్తుందా?

ఎవరు ఇంట్లో ఉండాలో డాక్టరే ఎంచితే జాలిపడి నీరసంగా ఉన్నవాళ్లను ఆసుపత్రికి పంపుతాడు. అప్పుడు ఏది మేలో ఎప్పటికీ తేలదు. అందుకే చీటీ. మందు మాత్రం రెండు చోట్లా ఒకటే. బావను ఇంటికి పంపడమంటే వదిలేయడం కాదు.

నా పని అనంతపురం నుంచి రైల్లో వచ్చే కఫాన్ని గాజు పలకల మీద పూసి, మైక్రోస్కోపులో చూసి, క్షయ పురుగులు ఉన్నాయా లేవా, ఉంటే ఎన్ని, అని రాయడం. పలకల మీద పేర్లుండవు, నెంబర్లే. బావ నెంబరు నాకు ఎప్పుడూ రాయొద్దు.

పాపకు అంటుతుందా అని అడిగావు. అబద్ధం చెప్పలేను. అది కూడా తెలీదు. ఇంట్లోవాళ్లందరినీ పరీక్ష చేస్తూ ఆ సంగతీ చూస్తున్నారు.

ఇక్కడ ఉక్కపోత. మెస్సులో రెండు పూటలా అన్నమే. సంగటి తిని ఏడు నెలలైంది.

నీ తమ్ముడు
రంజాన్


కంబదూరు
19 జూలై 1959

రంజాన్‌కు,

లక్షలమంది సంగతి రాశావు. నాకున్నది ఒక మొగుడు, ఒక బిడ్డ.

ఖాతూన్‌ను యాడికి ఊళ్లో అమ్మ దగ్గర దింపి వచ్చాను. నీకు తెలీదు, డాక్టరుకు తెలీదు, అందుకని తల్లిని నేనే తెలిసినట్టు చేయాల్సి వచ్చింది. బస్సు కదిలేటప్పుడు అది ఏడవలేదు. "నాయనకు దగ్గు పోతే వస్తావా?" అని అడిగింది. ఊ అన్నాను.

మందు బిళ్లలు చూశావా నువ్వు? ఒక్కొక్కటి చింతగింజ కంటే పెద్దది, పూటకు గుప్పెడు. మింగాక మీ బావ కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంటాడు. నాగలక్ష్మమ్మ అని నర్సమ్మ నెలకోసారి జీపులో వస్తుంది. ఎప్పుడొచ్చేదీ చెప్పదు. బిళ్లలు లెక్కచూసి పోతుంది. జీపు ఆగినప్పుడల్లా వీధంతా మా వాకిట్లోకి చూస్తుంది. పరుపులు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. అక్కడ బయ్యన్న పాలు తాగి బలిశాడట. అతని పెళ్లాం బయమ్మ చెప్పింది.

మీ బావ నెంబరు 117. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కార్డు మీద ఉంది. నువ్వు వద్దన్నా రాస్తున్నాను. కళ్లతో చూసే పని నీది. ఆయనలో ఆ పురుగులు తగ్గుతున్నాయో లేదో ఒక్క మాట రాయి. ఇంత దూరం నుంచి నేను అడిగేది అంతే.

ఫాతిమాబీ


మద్రాసు
2 ఆగస్టు 1959

అక్కకు,

నెంబరు రాయొద్దని చెప్పాను. రాశావు. ఇకమీదట బావ పరీక్షల గురించి నన్ను ఏమీ అడగొద్దు. నేను చెప్పలేను. బావకు ఏ లోటూ రాకుండా చూసుకో. ఖాతూన్‌ను యాడికిలోనే ఉంచడం మంచిదనిపిస్తే ఉంచు. అమ్మకు వేరే ఉత్తరం రాస్తున్నాను.

రంజాన్


కంబదూరు
11 అక్టోబరు 1959

తమ్ముడికి,

నీ పోస్టుకార్డు వచ్చిన రోజే రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. రాయడానికి చేయి రాలేదు.

అది చదివి నేను దాచి ఉంటే బాగుండేది. మీ బావ చేతికే వచ్చింది. కూడబలుక్కుని తానే చదువుకున్నాడు. మడిచి టోపీలో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆయనలో ఒక శాంతి వచ్చింది. కడుపులో మంట అనడం మానేశాడు. సంగటి రెండు ముద్దలు తిన్నాడు. మందు ఒంటికి పడుతోందని సంతోషపడ్డాను.

పోయిన మంగళవారం నాగలక్ష్మమ్మ వచ్చింది. బిళ్లల లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఆయన చేతికి సీసా ఇచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. దాంట్లో ఏదో రెండు చుక్కలు వేసి చూసింది. ఆ మందు తింటుంటే రంగు మారాలట. మారలేదు.

"కరీం సాబ్, మందు మింగడంలే నువ్వు" అంది.

ఆయన కాదనలేదు. లోపలికి పోయి, మూలనున్న పాత పరుపు తెచ్చి, కత్తితో కుట్టు విప్పి చాప మీద దులిపాడు. దూదిలోంచి బిళ్లలు రాలాయి. రెండు నెలల బిళ్లలు, రంజాన్. నేను రోజూ నీళ్లు ముంచి ఇచ్చినవి.

"ఎందుకప్పా ఇట్ల చేసినావు?" అని నాగలక్ష్మమ్మ కింద కూర్చుంది.

"చచ్చేవానికి కడుపుమంట ఎందుకమ్మా? మీరు కష్టపడి యాడనుంచో తెస్తారు. పారేసేదానికి మనసు రాలేదు."

"నువ్వు చస్తావని ఎవరన్నారు?"

"మా బామ్మర్ది. పురుగుల్ని అద్దాల్లో చూసేవాడు. వానికి తెలిసిపోయినాది." టోపీలోంచి నీ కార్డు తీసి ఇచ్చాడు.

ఆమె రెండుసార్లు చదివింది. "దీంట్లో ఆ మాట యాడుండాది?"

"లేదు కాబట్టే తెలిసింది" అన్నాడు.

నేను అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నాను. నిజం చెప్తున్నాను, నేనూ ఆ కార్డును అట్లే చదివాను. రెండు నెలలుగా ఆయనా నేనూ ఒకే మాట మనసులో పెట్టుకుని ఒకరికొకరు తెలియకుండా తిరిగాం. 'ఏ లోటూ రాకుండా చూసుకో' అని రాశావు. పోయేవాళ్ల గురించే కదా అట్లా రాస్తారు?

నాగలక్ష్మమ్మ కసరలేదు. బిళ్లలన్నీ ఏరి మూటగట్టుకుంది. సంగటి తిన్నాక, ఒకటొకటిగా, మజ్జిగతో మింగమంది. "మొదటి నుంచి మొదలుపెడదాం. నేను రాసుకున్నది రాసుకున్నట్టు పైకి చెప్తాను, దాచను. నువ్వూ దాచొద్దు" అంది. ఆయన తలూపాడు. మింగుతాడో లేదో నాకు నమ్మకం లేదు.

ఉన్నది ఉన్నట్టు రాయి. ఆయన బతుకుతాడా?

అక్క


మద్రాసు
18 అక్టోబరు 1959

అక్కకూ, ఈ ఉత్తరం పక్కన కూర్చుని వింటాడని ఆశపడుతున్న బావకూ,

నాకు తెలీదు. బావ బతుకుతాడో లేదో, ఆయనలో పురుగులు ఎన్నున్నాయో నాకు నిజంగా తెలీదు. బావ పలక ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఏం జరిగిందో చెప్తాను. నీ ఉత్తరంలో నెంబరు చూడగానే ఆ ఉత్తరం పట్టుకుని మా పలకల గది పెద్ద శ్రీరంగప్ప దగ్గరకు పోయాను. ఆయన హిందూపురం పక్క మనిషి, ఇక్కడ మన మాట మాట్లాడేది ఆయనొక్కడే. "సార్, నాకు ఒక నెంబరు తెలిసిపోయింది" అన్నాను. ఆయన ఉత్తరం మడిచి నాకే తిరిగిచ్చాడు. "చెప్పి మంచి పని చేసినావు. ఇంక అనంతపురం పలకలు నువ్వు చూడొద్దు" అన్నాడు.

శిక్ష కాదు అది. నేను అబద్ధం రాస్తానని ఆయన అనుకోలేదు. కానీ 117 అని రాసిన పలక నా ముందుకు వస్తే నా కన్ను పురుగును చూసి మరకేమో అనుకుంటుంది. తక్కువ ఉండాలని కోరుకునే కన్ను తక్కువే చూస్తుంది. ఆ సంగతి వాళ్లు ముందే ఆలోచించి పేర్లు తీసేశారు అక్కా. మనిషిలో మోసం లేకపోయినా ప్రేమ ఉంటుందని, దానికి కూడా కాపలా పెట్టారు. ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఆ రోజు మాత్రం సిగ్గేసింది. రెండేళ్లు నేర్చుకున్న పని పోయిందని నీ మీద కోపం వచ్చింది. ఆ కోపంతోనే కార్డు రాశాను. నాలుగు ముక్కలు ఎక్కువ రాసి ఉంటే బావ రెండు నెలల మందు దూదిలో పోయేది కాదు. ఇది నేను చేసిన తప్పు. ఎట్లా దిద్దుకోవాలో తెలియడం లేదు.

ఇప్పుడు గుడ్ల గదిలో ఉన్నాను. మైక్రోస్కోపుకు చిక్కనంత తక్కువ పురుగులుంటే వాటిని పెంచి చూడాలి. వాటికి మేత కోడిగుడ్డు సొన. వారానికి వందల గుడ్లు కడిగి, పగలగొట్టి, పచ్చరంగు మందు కలిపి, గాజు గొట్టాల్లో ఏటవాలుగా పోసి గట్టిపరుస్తాం. దాని మీద కఫం చుక్క వేసి, మనిషి ఒంటి వేడిలో ఉంచుతాం. నెల, ఒక్కోసారి రెండు నెలలు. పురుగుంటే పచ్చటి నేల మీద గోధుమరవ్వ చల్లినట్టు మొలుస్తుంది. మన పక్క మనుషులం మొలక కోసం ఏడ్చేవాళ్లం. నేను రోజూ పొద్దున ఆ గది తలుపు తీసి, ఏ గొట్టంలోనూ ఏమీ మొలవకూడదని అల్లాను అడుగుతున్నాను. ఎవరి గొట్టమో తెలీదు కాబట్టి అందరి కోసమూ అడుగుతున్నాను.

బావా, మందు మింగు. నేను చూసి చెప్తున్నది కాదు, వేడుకుంటున్నాను. అక్కా, బావ సంగతి ఎంతైనా రాయి, నెంబరూ పరీక్షల ఫలితాలూ తప్ప.

తప్పు తెలుసుకున్న
రంజాన్


కంబదూరు
6 మార్చి 1960

రంజాన్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మీ బావ దాన్ని తీసుకుని తానూ ఒకసారి కూడబలుక్కున్నాడు. "వానికి నెంబరు చెప్పి నువ్వు తప్పు చేసినావు, కోపంతో రాసి వాడు తప్పు చేసినాడు, చదవడం వచ్చి నేను తప్పు చేసినాను" అన్నాడు. చాన్నాళ్ల తర్వాత ఇద్దరం నవ్వాం. అప్పటి నుంచి ఒక్క పూట తప్పలేదు. నా ముందే మింగి, నోరు తెరిచి చూపిస్తాడు.

ఇంకో సంగతి. బయ్యన్న ఆసుపత్రి నుంచి చెప్పకుండా వచ్చేశాడు. శనక్కాయ పీకే రోజుల్లో బయమ్మ ఒక్కతే చేలో పడుతున్న పాట్లు విని ఆగలేకపోయాడు. ఒళ్లు బాగుందిలే అని మందూ మానేశాడు. సంక్రాంతి దాటేసరికి మళ్లీ దగ్గు. మనుషులకు ముఖం చూపించలేక గడ్డివాము చాటున పడుకుంటున్నాడు. బయమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడి, ఏమీ అడగలేక ఏడ్చింది.

అతనికి వచ్చిన చీటీ మాకు రాలేదని ఎంత కుళ్లుకున్నానో నాకు తెలుసు. ఆ మంచం మీద అతనికి నిద్ర లేదని, చేలో పెళ్లాం ఒక్కతే ఉందని ఎన్ని రాత్రులు కూర్చున్నాడో నేను ఒక్కసారి ఆలోచించలేదు.

నాగలక్ష్మమ్మకు చెప్పాను. దివాకర్ డాక్టరు తిట్టకుండా మళ్లీ మందు మొదలుపెట్టాడు. ఇప్పుడు బయ్యన్న రోజూ పొద్దున మా అరుగు మీదికి వస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బిళ్లలు మింగి ముఖాలు చిట్లిస్తారు. నేను మజ్జిగ ముంతతో మధ్యలో నిలబడతాను. బయ్యన్న మొదట మా ఇంటి మజ్జిగకు సందేహించాడు. రెండో రోజు నుంచి ఇంకో ముంత అడుగుతున్నాడు.

ఆయన ఖాతూన్‌ను చూసి ఎనిమిది నెలలైంది. నేను అమ్మ దగ్గరకు పోయి వచ్చినప్పుడు పాప ఎంత పొడుగైందో చేత్తో చూపించమంటాడు.

నీ అక్క


మద్రాసు
29 జనవరి 1961

అక్కా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే సర్దుకో.

నిన్న మా కేంద్రంలో ఫలితాలు చదివారు. ఇంకో రెండు దేశాల నుంచి డాక్టర్లు వచ్చారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. వెనక గోడ దగ్గర నిలబడ్డాం, నేనూ శ్రీరంగప్పా సీసాలు కడిగే మునియమ్మా. మొదట ఆసుపత్రివాళ్ల లెక్క చదివారు. నూటికి దాదాపు తొంభై మంది కఫంలో పురుగు లేదు. తర్వాత ఇళ్లలో ఉన్నవాళ్ల లెక్క. పెద్ద డాక్టరు కాగితం తిప్పి చదివాడు. దాదాపు అంతే.

పాలు లేవు, గుడ్లు లేవు. కరువు నేల మీద సంగటీ గోంగూరా తిని, చేతనైన పని చేసుకుంటూ, మట్టి గోడల మధ్య మందు మింగిన మనుషులు, మంచం మీద పడుకున్నవాళ్లతో సమానంగా బాగయ్యారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ విదేశీ డాక్టర్లలో ఒకాయన రెండు లెక్కలూ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివారు. మళ్లీ అంతే. శ్రీరంగప్ప నా భుజం పట్టుకున్నాడు. "మంచం లేదని ఇంక ఎవర్నీ వాపస్ పంపేదానికి లేదప్పా" అన్నాడు.

ఇంకొకటి కూడా చదివారు. అది రాయడానికి భయంగా ఉంది. మందు మొదలుపెట్టాక, రోగి ఇంట్లో ఉన్న పిల్లలకూ, రోగిని ఆసుపత్రికి పంపేసిన ఇంటి పిల్లలకూ, జబ్బు రావడంలో తేడా లేదు.

నువ్వు అడిగినప్పుడు నాకు తెలీదు అక్కా. ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అడగొచ్చు నేను. బావ ఎట్లా ఉన్నాడు?

రంజాన్


యాడికి
20 ఫిబ్రవరి 1961

తమ్ముడు రంజాన్‌కు,

అమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. రాయొద్దన్నావు కాబట్టి ఇన్ని నెలలు నోరు కట్టుకున్నాను. మీ బావ కఫంలో పోయిన ఆగస్టు నుంచి పురుగు లేదు. నెల నెలా చూశారు, లేదు. మధ్యలో మానినందుకు బయ్యన్నకు ఇంకా మూడు నెలల మందు ఉంది, దగ్గు ఆగింది.

పోయిన వారం దివాకర్ డాక్టరు మా అందరినీ అనంతపురం పిలిచాడు. కంబదూరు నుంచి, బుక్కరాయసముద్రం నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నువ్వు రాసినదంతా మాకు అర్థమయ్యేలా చెప్పాడు. అందరూ లేచిపోతున్నా మీ బావ కదల్లేదు.

"సామీ, నా బిడ్డను ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకో కరీం సాబ్." తర్వాత డాక్టరు తల వంచుకున్నాడు. "ఆ పొద్దు పంపకుండా ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో. అప్పుడు మాకు తెలీదు."

రంజాన్, పంతొమ్మిది నెలలు. పాప మొదటి పళ్లు ఊడింది నేను చూడలేదు. బస్సులో ముఖం కొంగుతో కప్పుకుని ఏడ్చాను. మీ బావ నా వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "తెలీనప్పుడు తెలీదన్నారు. తెలిసినాక పిలిచి చెప్పినారు. మన మాదిరి వాళ్లను కూర్చోబెట్టి తెలీలేదమ్మా అని ఇంతకుముందు ఎవరు చెప్పినారే? మన బిడ్డను పంపినాం, సరే. ఇంక ఇంకొకరు పంపే పని లేదు గదా. అది మన కళ్ల ముందర తేలింది." బస్సు దిగుతూ, "నేను ఒక నెంబరును దాంట్లో" అన్నాడు, పెద్ద పదవి పేరు చెప్పినట్టు.

ఈ రోజు పొద్దున ఇక్కడికి వచ్చాం. ఖాతూన్ వాళ్ల అవ్వ వెనక నిలబడి నాయనను చూసింది, దగ్గరికి రాలేదు. ఆయన అలవాటు కొద్దీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మళ్లీ గుర్తొచ్చి తీసేశాడు.

"దగ్గు పోయిందా నాయనా?" అని అడిగింది.

"పోయిందమ్మా."

"ఎవరు చెప్పినారు?"

ఆయన వంగి దాన్ని ఎత్తుకున్నాడు. దానికి తొమ్మిదో ఏడు, కాళ్లు ఆయన మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. దింపు నాయనా, నడుస్తాను, పిల్లలు చూస్తున్నారు అంటోంది. ఆయన ఆ వీధి చివరి దాకా పోయి, మళ్లీ వెనక్కు వస్తున్నాడు. ఇంకా దింపలేదు.

అక్క
ఫాతిమాబీ